ఆకలి ఎంజైమ్ తీసేస్తే గుంపు ఎందుకు చిన్నదవుతోంది? (డిక్టియోస్టీలియం, ఏఎంపీకే)

నాగావళి_ఒడ్డు (ఎచ్చెర్ల)
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడు చదువుతున్నాను. సెమినార్‌కి డిక్టియోస్టీలియం డిస్కాయిడియం అనే జిగురుబూజు తీసుకున్నాను. ఒకచోట ఆగిపోయాను, సాయం చేయండి.

ఏఎంపీకే అనే ఎంజైమ్ కణంలో శక్తి తగ్గినప్పుడు పనిలోకి దిగుతుందని చదివాం. ఈ జీవిలో తిండి అయిపోతేనే కదా గుంపు కట్టడం మొదలయ్యేది. అలాంటప్పుడు ఆ జీన్ తీసేస్తే గుంపే కట్టకూడదు. కానీ 2017లో ఢిల్లీ జేఎన్‌యూ పరిశోధకులు ఓపెన్ బయాలజీ పత్రికలో వేసిన పేపర్‌లో కథ వేరేగా ఉంది. ఏఎంపీకే ఆల్ఫా జీన్ తీసేసిన కణాలు గుంపులు కడుతున్నాయి. కాకపోతే చిన్నచిన్నవి, చాలా ఎక్కువ. అన్నీ ఒకే సమయానికి ఎదగడం లేదు. చివరికి వచ్చే కొద్దిపాటి ఫలనాంగాల్లో కాడ పొడుగు, పైన సిద్ధబీజాల తల చిన్నది. ఆకలిని గుర్తించే ఎంజైమ్‌కీ గుంపు సైజుకీ ఏమిటి సంబంధం? సోమవారం సెమినార్, టెన్షన్‌గా ఉంది.

రాజాం_మాస్టారు
మంచి ప్రశ్న అమ్మా. చదివేవాళ్ళలో సైన్స్ వాళ్ళు కానివాళ్ళూ ఉంటారు కాబట్టి ముందు జీవి గురించి కొంచెం చెప్తాను.

ఇది అడవి నేలలో, కుళ్ళిన ఆకుల కింద బతికే అమీబా. బాక్టీరియాను తింటుంది, రెండుగా చీలుతూ పెరుగుతుంది. 1933లో కెన్నెత్ రేపర్ అమెరికాలో నార్త్ కరోలినా అడవి నుంచి దీన్ని వేరు చేశాడు. తిండి ఉన్నంతకాలం ఎవరి బతుకు వాళ్ళది. తిండి అయిపోయాక కొన్ని కణాలు సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనాన్ని ఆరేడు నిమిషాలకోసారి విడుదల చేస్తాయి. పక్కనున్నవి అది పసిగట్టి అటు కదులుతాయి, తామూ విడుదల చేస్తాయి. అలా పాయలు పాయలుగా వచ్చి దాదాపు లక్ష కణాలు ఒక కుప్ప అవుతాయి. ఆ కుప్ప సాగి, పాకే చిన్న స్లగ్ అవుతుంది, వెలుతురు వైపు వెళ్తుంది. సుమారు 24 గంటలకి నిలువు కాడ, దాని మీద సిద్ధబీజాల ఉండ తయారవుతాయి, ఈ రెండూ కలిపితే ఫలనాంగం. అయిదింట ఒక వంతు కణాలు కాడగా మారి చచ్చిపోతాయి. మిగతావి సిద్ధబీజాలై మంచి రోజుల కోసం ఎదురుచూస్తాయి.

నలభై ఏళ్ళు పాఠం చెప్పినా ఈ భాగం దగ్గరికి వచ్చేసరికి నాకు ఉత్సాహం తగ్గలేదు. విడివిడిగా బతికే కణాలు ఒంటికి ఆకలేసి ఒక ఒళ్ళుగా మారడం ఒక పూటలో చూడొచ్చు.

నీ ప్రశ్నకి జవాబు సాలూరు సీతమ్మ చెప్తే బాగుంటుంది. ఆమె ఈ కణాలతో పనిచేసింది.

ఉద్దానం_జీడితోట
మాస్టారూ, మధ్యలో వచ్చాను, ఏమీ అనుకోకండి. వానలు పడ్డాక మా తోటలో కుళ్ళిన కొబ్బరి మట్టల మీద పసుపురంగు నురగలాంటిది పాకింది. పొద్దున ఒకచోట, సాయంత్రానికి జానెడు అవతల. ఇదేనా అది? చెట్లకి ఏమన్నా చేస్తుందా?

రాజాం_మాస్టారు
అది వేరే రకం బాబూ. చూడబోతే ఫ్యూలిగో జాతి. జిగురుబూజుల్లోనే ఇంకో తెగ. అందులో కణాల మధ్య గోడలుండవు, వేల కేంద్రకాలతో ఒకే ముద్దగా పాకుతుంది. నాగావళి అమ్మాయి చెప్పేది కంటికి కనిపించనంత చిన్నది, గుంపు కట్టినా ప్రతి కణమూ విడిగానే ఉంటుంది. మీ కొబ్బరికీ జీడికీ దానివల్ల ఏ హానీ లేదు. కుళ్ళిన దాని మీద బాక్టీరియా తిని బతుకుతుంది. ఎండ కాస్తే పొడిగా అయి రాలిపోతుంది. మందులేవీ కొట్టకండి.

ఉద్దానం_జీడితోట
మంచిదండీ. షాపువాడు బూజు మందు అంటగట్టబోయాడు. ఇక కొనను.

సాలూరు_సీత
నాగావళి, నీ ప్రశ్నలో రెండు ముడులున్నాయి, ఒక్కొక్కటి విప్పుదాం.

మొదటిది ఏఎంపీకే ఏం చూస్తుందన్నది. కణం శక్తి కోసం ఖర్చు పెట్టేది ఏటీపీ అనే అణువు. ఏటీపీ వాడగా ఏడీపీ మిగులుతుంది. రెండు ఏడీపీలు కలిస్తే అడినైలేట్ కైనేజ్ అనే ఎంజైమ్ ఒక ఏటీపీ, ఒక ఏఎంపీ చేస్తుంది (ఫాస్ఫేట్‌ని ఒకదాని నుంచి ఇంకోదానికి తగిలించే ఎంజైమ్‌లే కైనేజ్‌లు). మామూలుగా కణంలో ఏఎంపీ చాలా తక్కువ. అందుకే ఏటీపీ కొంచెం తగ్గినా ఏఎంపీ చాలా రెట్లు పెరుగుతుంది. ఏఎంపీకేలో ఆల్ఫా, బీటా, గామా అని మూడు భాగాలు; గామా భాగానికి ఆ ఏఎంపీ అతుక్కుంటుంది, ఆల్ఫా భాగం మీద ఫాస్ఫేట్ చేరుతుంది, ఎంజైమ్ చురుకవుతుంది. అంటే శక్తి అయిపోయాక కాదు, తగ్గడం మొదలవ్వగానే తెలిసిపోతుంది. కొవ్వులు తయారుచేయడం లాంటి ఖర్చు పనుల్ని ఆపుతుంది, గ్లూకోజ్, కొవ్వు కరిగించే పనుల్ని పెంచుతుంది. ఈస్ట్ నుంచి మనిషి దాకా ఈ ఎంజైమ్ ఏదో ఒక రూపంలో ఉంది.

రెండోది, గుంపు కట్టమని చెప్పేది ఇదొక్కటే అనుకోవడం. తిండి లేదన్న కబురు కణానికి చాలా దారుల్లో అందుతుంది. ఆకలితో ఉన్న కణాలు సీఎంఎఫ్ అనే ప్రోటీన్ వదులుతాయి. చుట్టుపక్కల ఆకలిగొన్నవాళ్ళు తగినంతమంది ఉన్నారని దాని గాఢతను బట్టి తెలుస్తుంది. అమైనో ఆమ్లాలు తగ్గితే టార్ అనే ఇంకో కైనేజ్ నెమ్మదిస్తుంది. కాబట్టి ఏఎంపీకే లేకపోయినా గుంపు మొదలవుతుంది. ఎన్ని కణాల దగ్గర ఆగాలి, లోపల ఎవరు ఏమవ్వాలి అన్నచోట లోపం బయటపడుతుంది.

పనిలో ఉన్నాను, మిగతాది రాత్రికి రాస్తా.

చంపావతి_టీచర్ (విజయనగరం)
సీతగారూ, ఒక చిన్న సందేహం. మాస్టారు సైక్లిక్ ఏఎంపీ అన్నారు, మీరు ఏఎంపీ అన్నారు. రెండూ ఒకటేనా? మా హైస్కూల్ పిల్లలు తప్పకుండా అడుగుతారు.

సాలూరు_సీత
ఒకటి కాదు మేడమ్. నాగావళి, సెమినార్‌లో నిన్నూ ఇదే అడుగుతారు, రాసుకో. సైక్లిక్ ఏఎంపీలో ఫాస్ఫేట్ వలయంలా వంగి చక్కెరకి రెండు చోట్ల అతుక్కుని ఉంటుంది. ఏటీపీ నుంచి దాన్ని అడినైలైల్ సైక్లేజ్ ప్రత్యేకంగా తయారుచేస్తుంది. డిక్టియోలో అది కణం బయటికి వెళ్ళి పిలుపులా పనిచేస్తుంది, కణం లోపల పీకేఏ అనే వేరే కైనేజ్‌ని చురుకు చేస్తుంది. మామూలు ఏఎంపీ శక్తి ఖర్చయ్యాక మిగిలేది, ఏఎంపీకేని కదిలించేది అదే. ఈ జీవి గుంపుకి సైక్లిక్ ఏఎంపీయే పిలుపు అని 1967లో తేలింది.

బొబ్బిలి_కిరణ్
నాది మెడికల్ షాపు. ఏఎంపీకే అనగానే మెట్‌ఫార్మిన్ గుర్తొచ్చింది. షుగర్ ఉన్నవాళ్ళు రోజూ వేసుకునే మాత్ర. అది పనిచేసేదీ ఈ ఎంజైమ్ మీదేనని కంపెనీ వాళ్ళ పుస్తకాల్లో చదివాను. మట్టిలో అమీబాకీ మనకీ ఒకే ఎంజైమ్ అంటే ఆశ్చర్యంగా ఉంది.

ఇంకో మాట. కాడగా మారిన అయిదో వంతు కణాలు మిగతావాళ్ళ కోసం ప్రాణం ఇస్తున్నాయి. ఇంతకంటే త్యాగం ఉంటుందా?

సాలూరు_సీత
కిరణ్‌గారూ, మెట్‌ఫార్మిన్ మైటోకాండ్రియాలో శ్వాసక్రియను కొద్దిగా తగ్గిస్తుంది, దాంతో ఏఎంపీ పెరిగి ఏఎంపీకే చురుకవుతుంది. ఆ మాత్ర పనిచేసే దారుల్లో అదొకటి. త్యాగం సంగతి మాస్టారికి వదిలేస్తున్నా.

నాగావళి, ఇప్పుడు అసలు విషయం. ఆ పేపర్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం ఏదంటే, జీన్ తీసేసిన కణాల్ని ఏఎక్స్2 అనే మామూలు ల్యాబ్ రకం కణాలతో కలిపి చూడటం. మామూలు కణాల మధ్య కేవలం 5 శాతం జీన్ లేని కణాలు కలిపితే చాలు, గుంపులన్నీ చిన్నవైపోయాయి. తర్వాత జీన్ లేని కణాలు పెరిగిన ద్రవాన్ని మాత్రమే తీసి మామూలు కణాలకి పోశారు. అప్పుడూ గుంపులు చిన్నవే. ఏఎంపీకే లేని కణం బయటికి ఏదో వదులుతోంది, అది చుట్టూ ఉన్న ఆరోగ్యమైన కణాల ప్రవర్తననే మార్చేస్తోంది అన్నమాట. ఒక కణం లోపలి శక్తి లెక్క ఊరందరి విషయమైపోయింది.

దీనికి ముందు జరిగిన పని తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో రిచర్డ్ గోమర్ బృందం 1999లో కౌంటింగ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ల సముదాయాన్ని వివరించింది. ప్రతి కణమూ దాన్ని కొంచెం వదులుతుంది. గుంపు పెద్దదయ్యేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. మా సాలూరు సంతలో కళ్ళు మూసుకుని నిలబడినా రొదను బట్టి జనం ఎంతమంది వచ్చారో చెప్పొచ్చు, కణాలు చేసేదీ అదే. గాఢత ఎక్కువైతే కణాల మధ్య అతుకు తగ్గుతుంది, కదలిక పెరుగుతుంది, వస్తున్న పాయ ముక్కలవుతుంది. ఒక్క పెద్ద కుప్ప బదులు చాలా చిన్న కుప్పలు వస్తాయి. కౌంటింగ్ ఫ్యాక్టర్ మరీ ఎక్కువ వదిలే ఎస్‌ఎమ్‌ఎల్‌ఏ మ్యూటెంట్ (జీన్ మారిన రకం) కూడా చిన్న గుంపులే కడుతుంది.

ఇక్కడ గ్లూకోజ్ వస్తుంది. కౌంటింగ్ ఫ్యాక్టర్ కణం లోపలి గ్లూకోజ్‌ని తగ్గిస్తుందని, బయటి నుంచి గ్లూకోజ్ ఇస్తే గుంపు పెద్దదవుతుందని గోమర్ బృందం 2002లో చూపింది. జేఎన్‌యూ వాళ్ళ ఏఎంపీకే లేని కణాల్లో కూడా ఆకలి సమయంలో గ్లూకోజ్ తక్కువ. గ్లూకోజ్ కలిపితే అవీ పెద్ద గుంపులు కట్టాయి. రెండు పనులూ ఒకే చోటికి వచ్చి కలిశాయి. నీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఏఎంపీకే లేని కణం నిల్వల నుంచి గ్లూకోజ్‌ని సరిగ్గా నిలబెట్టుకోలేదు. గ్లూకోజ్ తగ్గితే పాయ అతుకు వీగుతుంది, గుంపు విడిపోతుంది.

నాగావళి_ఒడ్డు (ఎచ్చెర్ల)
అక్కా, చాలా స్పష్టంగా చెప్పారు. మరి కాడ పొడుగు, తల చిన్నది ఎందుకు? గుంపు చిన్నదైతే రెండూ చిన్నవి కావాలి కదా.

రాజాం_మాస్టారు
దీనికి 1973 నాటి ప్రయోగం ఒకటి ఉంది. లీచ్, ఆష్‌వర్త్, గారడ్ అనే ముగ్గురు కొన్ని అమీబాల్ని గ్లూకోజ్ ఉన్న ద్రవంలో, కొన్నిటిని గ్లూకోజ్ లేని ద్రవంలో పెంచి, తర్వాత కలిపి ఆకలితో ఉంచారు. గ్లూకోజ్ తిన్నవి ఎక్కువగా సిద్ధబీజాలయ్యాయి. తిననివి ఎక్కువగా కాడ వైపు పోయాయి. విడిగా ఉంచితే రెండు రకాలూ మామూలుగానే కాడ, తల రెండూ చేశాయి. అంటే నీకు ఎంత ఉంది అన్నది కాదు, పక్కవాడితో పోలిస్తే ఎంత ఉంది అన్నది లెక్క.

ఇప్పుడు ఏఎంపీకే లేని కణాలు చూడు. గ్లూకోజ్ తక్కువ. వాటి స్లగ్‌లో కాడకి పోయే భాగం పెరిగింది, సిద్ధబీజాల భాగం తగ్గింది, రెంటి మధ్య ఉండాల్సిన స్పష్టమైన హద్దు కూడా చెదిరిపోయింది. అదే ఎంజైమ్‌ని ఎక్కువ చేసిన కణాల్లో దానికి తలకిందులుగా, పొట్టి కాడ, పెద్ద తల.

కిరణ్ బాబూ, త్యాగం గురించి అడిగావు. ఆ మాట నేను క్లాసులో వాడను. కాడకి పోయేది ఎక్కువగా శక్తి తక్కువున్న కణం. దానికి ఎంచుకునే వీలు లేదు. పైగా ఈ జీవుల్లో మోసగాళ్ళూ ఉన్నారు. ఛీటర్ ఏ అనే మ్యూటెంట్‌ని మామూలు కణాలతో కలిపితే కాడ పని పక్కవాళ్ళకి వదిలేసి తాను ఎక్కువగా సిద్ధబీజమవుతుంది, 2000లో పేపర్ వచ్చింది. ఒక్కటీ విడిగా ఉంటే మాత్రం సరైన కాడ కట్టలేదు.

బొబ్బిలి_కిరణ్
మాస్టారూ, అయినా ఒప్పుకోను. బలహీనుడు చచ్చి బలవంతుడు బతికితే అది అన్యాయం అనండి, కానీ ఆ కాడ లేకపోతే ఒక్క సిద్ధబీజం కూడా నేల విడిచి పైకి లేవదు. ఆ కణాల వల్లనే మిగతావి గాలికో పురుగుకో అంటుకుని వేరేచోటికి పోతున్నాయి. చేసిన మేలుకి పేరు ఉండాలి కదా.

రాజాం_మాస్టారు
మేలు జరుగుతోంది, అందులో వాదన లేదు. అన్నదమ్ముల్లా ఒకే వంశం కణాలైతే ఆ మేలు జీన్‌ల రూపంలో తిరిగి వస్తుంది కూడా. అడవిలో మాత్రం గుంపులు ఎప్పుడూ ఒకే వంశం కావు. బెంగళూరు ఐఐఎస్‌సీలో విద్యానంద్ నంజుండయ్యగారి బృందం ముదుమలై అడవి మట్టి నుంచీ పేడ నుంచీ తీసిన జిగురుబూజుల్ని పరిశీలించి, ఒకే ఫలనాంగంలో వేర్వేరు వంశాల కణాలు కలిసి ఉంటాయని చూపింది. అందుకే శక్తి లెక్క అంత ముఖ్యం.

సాలూరు_సీత
నాగావళి, ఇంకో పేపర్ కూడా తప్పక పెట్టు, లేకపోతే సెమినార్ ఒంటిచేతి చప్పట్లే. మెల్‌బోర్న్‌లో లా ట్రోబ్ యూనివర్సిటీ వాళ్ళు, పాల్ ఫిషర్ బృందం, 2007లో చేసిన పని. వాళ్ళు ఛాపరోనిన్ 60 అనే ప్రోటీన్‌ని తగ్గించి అమీబాకి మైటోకాండ్రియా జబ్బు తెప్పించారు. పెరుగుదల మందగించింది, స్లగ్‌లు వెలుతురు వైపు సరిగ్గా వెళ్ళలేకపోయాయి, రూపం చెడింది. శక్తి చాలక అలా అయ్యిందనే ఎవరైనా అంటారు. కొలిచి చూస్తే ఏటీపీ దాదాపు మామూలుగానే ఉంది! ఆ జబ్బు కణాల్లోనే ఏఎంపీకేని తగ్గించారు, లక్షణాలు పూర్తిగా పోయాయి. ఆరోగ్యమైన కణాల్లో ఎప్పుడూ చురుగ్గా ఉండే ఏఎంపీకే ముక్కని పెట్టారు, అవే లక్షణాలు వచ్చాయి. అంటే జబ్బు చేసింది శక్తి లోటు కాదు, ఆ లోటుకి స్పందించే ఎంజైమ్ ఆగకుండా పనిచేయడం.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మనుషుల్లో మైటోకాండ్రియా జబ్బులున్న పిల్లల్ని చూసేటప్పుడు కూడా ఈ ప్రశ్న అడగాలి కదా అనిపించింది.

నాగావళి_ఒడ్డు (ఎచ్చెర్ల)
అక్కా, జేఎన్‌యూలో ఎక్కువ చేస్తే తల పెద్దదై బాగానే ఉంది, మెల్‌బోర్న్‌లో ఎక్కువ చేస్తే జబ్బు. ఇది అడిగితే ఏం చెప్పాలి?

సాలూరు_సీత
రెండు చోట్లా పెట్టింది ఒకటే కాదు. మెల్‌బోర్న్ వాళ్ళు పెట్టింది కత్తిరించిన ఆల్ఫా, ఏఎంపీ ఉన్నా లేకపోయినా చురుగ్గానే ఉంటుంది. పూర్తి ఆల్ఫా ఎంత ఎక్కువున్నా గామా, బీటా భాగాల అదుపులోనే పనిచేయాలి. ఎంజైమ్ ఎంత ఉందన్నదీ, ఎంత చురుగ్గా ఉందన్నదీ వేర్వేరు కొలతలు. రెండూ ఒకే గ్రాఫ్‌లో గీయకు.

చంపావతి_టీచర్ (విజయనగరం)
ఒత్తిడికి స్పందించే ఎంజైమ్ అంటే నేను ఇన్నాళ్ళూ కణానికి హాని చేసే ఆక్సిజన్ రూపాల్ని తుడిచేసే సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్‌ల గురించే పిల్లలకి చెప్పాను. అవీ ఈ జీవిలో ఏమైనా చేస్తాయా?

సాలూరు_సీత
చేస్తాయి మేడమ్. 2003లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఒక పని వచ్చింది. ఆకలిగొన్న కణాలు సూపర్ ఆక్సైడ్‌ని తయారుచేస్తాయి. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్‌ని ఎక్కువ చేసి దాన్ని తుడిచేస్తే గుంపు కట్టడమే దెబ్బతింది. హాని చేసేదనుకున్నదే అక్కడ కబురు. రెండు కెటలేజ్‌లలో ఒకటి ఆలస్యంగా, సిద్ధబీజాలు కాబోయే కణాల్లో కనిపిస్తుంది.

చంపావతి_టీచర్ (విజయనగరం)
అయితే మా పిల్లలకి ఇది చూపించాలి. ఇక్కడి మట్టిలో దొరుకుతాయా? మా స్కూల్లో ఒక మైక్రోస్కోప్, రెండు లెన్సులు ఉన్నాయి.

రాజాం_మాస్టారు
డిస్కాయిడియమే కావాలంటే కష్టం. దాని బంధువులు, పర్‌ప్యూరియం, జైగాంటియం, పాలీస్ఫాండిలియంల లాంటివి వేడి దేశాల మట్టిలో బాగా ఉంటాయి. సాలూరు, సీతంపేట వైపు కొండ అడవుల్లో, జీడితోటల ఆకుల కింద వెతకండి.

పద్ధతి ఇది. పై పొర మట్టి 10 గ్రాములు శుభ్రమైన కవర్‌లో తెచ్చి 90 మిల్లీలీటర్ల మరిగించి చల్లార్చిన నీళ్ళలో కలపండి. ఎండుగడ్డి ఉడికించిన నీళ్ళతో చేసిన పల్చటి అగార్ ప్లేట్ మీద ఆ నీళ్ళు అర మిల్లీలీటరు, వాటితోపాటు కొంచెం ఈ-కోలై వేసి పరచాలి. ఈ-కోలై విషయంలో హానిలేని ల్యాబ్ రకమే వాడాలి, దగ్గర్లోని కాలేజీ మైక్రోబయాలజీ వాళ్ళని అడగండి, పిల్లల చేతికి ఇవ్వకండి. నాలుగో రోజు నుంచి లెన్సుతో పక్క వెలుతురులో చూస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల కాడలు కనిపిస్తాయి. ఊదారంగు తల ఉంటే పర్‌ప్యూరియం.

ఇవి 22 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతాయి. మే నెలలో మన దగ్గర ఏసీ లేకుండా కుదరదు. డిసెంబరు, జనవరిలో పెట్టండి, గది చల్లదనమే సరిపోతుంది.

ఉద్దానం_జీడితోట
మా తోట మట్టి కావాలంటే పంపుతాను టీచర్‌గారూ. అటు వచ్చే బస్సు డ్రైవరు తెలిసినవాడే. ఆకులు పోగుపడిన చోటు నుంచి తీస్తాను, ఎరువు వెయ్యని వైపు.

చంపావతి_టీచర్ (విజయనగరం)
తప్పకుండా పంపండి అన్నయ్యా. ఎండలో పెట్టకుండా, తడి ఆరకుండా పంపితే చాలు.

నాగావళి_ఒడ్డు (ఎచ్చెర్ల)
అక్కా, మాస్టారూ, చివరిగా ఒకటి. నాకు ఇరవై నిమిషాలే ఇచ్చారు. ఏది ముందు పెట్టాలి?

సాలూరు_సీత
జీవితచక్రం ఒక్క బొమ్మతో ముగించు. రెండో స్లైడ్‌లోనే 5 శాతం ప్రయోగం పెట్టు. అప్పుడు వినేవాళ్ళే ఎందుకు అని అడుగుతారు. తర్వాత ద్రవం ప్రయోగం, కౌంటింగ్ ఫ్యాక్టర్, గ్లూకోజ్ వరసగా చెప్పు. 1973 ప్రయోగంతో కాడ సంగతి తేల్చు. మెల్‌బోర్న్ పనికి కనీసం అయిదు నిమిషాలు ఉంచుకో. ఏఎంపీకే నిర్మాణం మీద ఎక్కువసేపు నిలబడొద్దు, అడిగితే గామా భాగం గురించి చెప్పు చాలు.

రాజాం_మాస్టారు
గ్లూకోజ్ ఫలితం చెప్పేటప్పుడు ఎవరో ఒకరు లేచి, అది చక్కెర వల్లా, లేక ద్రవం చిక్కదనం మారడం వల్లా అని అడుగుతారు. శక్తినివ్వని ఇంకో చక్కెరతో పోల్చి చూడాలన్న జవాబు సిద్ధంగా ఉంచుకో అమ్మా.